పురుడుకి ఏ ఆస్పత్రి? నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళు తొమ్మిదో నెలలోపే తేల్చుకోవలసినవి

ఆస్పత్రిని పగలు వెళ్ళి చూసి ఎంచుకుంటాం. నొప్పులేమో చాలామందికి రాత్రిపూటే మొదలవుతాయి. నున్నటి గచ్చు, ఏసీ గది, కౌంటర్లో పలకరింపు, ఇవన్నీ పగలు కనబడే సంగతులు. పురుడుకి అసలు కావలసినవి నాలుగే: ఆపరేషన్ చేయగల గైనకాలజిస్టు, మత్తు డాక్టరు, రక్తం, పుట్టగానే బిడ్డను చూసే పిల్లల డాక్టరు. ఈ నాలుగూ రాత్రి రెండు గంటలకు అక్కడ దొరుకుతాయా లేదా అన్నదాని మీదే ఎంపిక ఆధారపడాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

అడిగే పద్ధతి కూడా తెలియాలి. "మీ దగ్గర మత్తు డాక్టరు ఉన్నారా?" అంటే ఎవరైనా ఉన్నారనే చెబుతారు. "రాత్రి పిలిస్తే ఎంతసేపట్లో వస్తారు? ఈ ఊళ్ళోనే ఉంటారా?" అని అడగండి. చిన్న పట్టణాల్లో ఒకే మత్తు డాక్టరు నాలుగైదు నర్సింగ్ హోములకు తిరగడం మామూలే. బిడ్డ గుండె చప్పుడు తగ్గి వెంటనే కోయాలి అనుకున్నాక అరగంటలో ఆపరేషన్ మొదలవ్వాలి. ఆయన ఇంకో ఊళ్ళో ఇంకో ఆపరేషన్లో ఉంటే ఆ అరగంట గంటన్నర అవుతుంది. రక్తం సంగతీ ఇలాగే అడగాలి. "తెప్పిస్తాం" అనేది జవాబు కాదు. ఎక్కడినుంచి తెప్పిస్తారు, ఎవరు పోయి తేవాలి, ఎంతసేపు పడుతుంది, ఇది తెలియాలి.

ముందు అమ్మాయి సంగతి చూడండి, ఆస్పత్రి సంగతి తర్వాత

తల్లీబిడ్డల కార్డు తీసి ఒక్కసారి నిదానంగా చదవండి. అందులోనే సగం నిర్ణయం ఉంటుంది. కింద చెప్పిన వాటిలో ఒక్కటి ఉన్నా ఊళ్ళోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంగానీ, ఒక్క డాక్టరుతో నడిచే నర్సింగ్ హోముగానీ సరిపోవు: బీపీ 140/90 గానీ అంతకు మించిగానీ ఉండటం, ఇదివరకు సిజేరియన్ అయి ఉండటం, కవలలు, బిడ్డ ఎదురుకాళ్ళతోనో అడ్డంగానో ఉండటం, మాయ కిందికి ఉండటం, షుగరు, ఫిట్స్, గుండెజబ్బు, తల్లి మరీ పొట్టిగా (145 సెంటీమీటర్ల లోపు) ఉండటం, నెలలు నిండకముందే నొప్పులు రావడం. రక్తం (కార్డులో హిమోగ్లోబిన్ అని ఉండేది) 11 గ్రాముల లోపుంటే రక్తహీనతే. 7 లోపుంటే అది పెద్దాసుపత్రి కేసు, అందులో రెండో మాట లేదు. రక్తం తక్కువున్న మనిషికి పురుడులో మామూలుగా పోయే రక్తమే ప్రాణం మీదికి తెస్తుంది.

నెగటివ్ గ్రూపు వాళ్ళ విషయం వేరుగా చెప్పుకోవాలి. తల్లిది నెగటివ్, బిడ్డది పాజిటివ్ అయితే పురుడయిన 72 గంటల్లోపు యాంటీ డి ఇంజెక్షను పడాలి. అది ఆ ఆస్పత్రిలో ఉంటుందా, బయటినుంచి కొనుక్కురావాలా అన్నది ముందే కనుక్కోండి. నెగటివ్ రక్తం దొరకడం కష్టం కాబట్టి అదే గ్రూపు ఉన్న బంధువులను ఇద్దరిని ముందే చెప్పి పెట్టుకోవాలి. మిగతా గ్రూపుల వాళ్ళకూ ఇద్దరు దాతలు సిద్ధంగా ఉంటే మంచిది. తీసుకున్న రక్తానికి బదులు రక్తం అడగడం చాలాచోట్ల ఉంది.

ఇవేవీ లేవని ఎలా తెలుస్తుంది? ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకు డాక్టరు చేత ఉచితంగా పరీక్షలు చేయిస్తారు. ప్రైవేటులో చూపించుకుంటున్నవాళ్ళు కూడా ఎనిమిదో నెలలో ఒకసారి అక్కడ చూపించుకోవచ్చు. రెండో డాక్టరు కన్ను పడినట్టూ ఉంటుంది, ప్రభుత్వ ఆస్పత్రిలో పేరు నమోదై ఉంటుంది. రాత్రిపూట పరుగెత్తవలసి వస్తే ఆ నమోదు ఎంత పనికొస్తుందో అప్పుడు తెలుస్తుంది.

ఇక ఏది ఎవరికి

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం: రెండో కాన్పు, మొదటిది మామూలుగానే అయింది, కార్డులో ఏ తేడా లేదు, ఇరవై నాలుగు గంటలూ నర్సు ఉంటుంది, 108 అరగంటలో వస్తుంది. ఇవన్నీ కుదిరితే ఇది మంచి చోటే. తెలిసిన మనుషులుంటారు, ఇంటికి దగ్గర. ఆపరేషన్ ఉండదు, రక్తం ఉండదు. మొదటి కాన్పుకి మాత్రం ఇక్కడికి వెళ్ళమని చెప్పలేం. మొదటి కాన్పు ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియదు.

ఏరియా ఆస్పత్రి: కావలి, కందుకూరు లాంటి చోట్ల ఉన్నవి. మన రెండు జిల్లాల పల్లెలకు ఎక్కువమందికి సరిపోయే ఎంపిక ఇదేనని మా అభిప్రాయం. గైనకాలజిస్టు ఉంటారు, ఆపరేషన్ చేస్తారు. తెలుసుకోవలసింది రెండు. ఒకటి, ఆదివారాలు, పండగ రోజులు మత్తు డాక్టరు ఉంటారా అని. రెండు, రక్తనిధి ఉందా, రక్తం నిల్వ కేంద్రమే ఉందా అని. నిల్వ కేంద్రంలో కొన్ని సీసాలే ఉంటాయి. మీ గ్రూపుది ఆ రోజు ఉండొచ్చు, లేకపోవచ్చు. నెలలు తక్కువ బిడ్డలను పెట్టే ప్రత్యేక నవజాత శిశు విభాగం ఉందో లేదో కూడా అడగండి. లేకపోతే బిడ్డ ఒకచోట, తల్లి ఒకచోట అవుతారు.

పెద్దాసుపత్రి: నెల్లూరు సర్వజన ఆస్పత్రి, ఒంగోలులో అందరూ ఇప్పటికీ రిమ్స్ అని పిలిచే ఆస్పత్రి. మెడికల్ కాలేజీలున్నవి కాబట్టి రాత్రీ పగలూ డ్యూటీ డాక్టర్లుంటారు. పైన చెప్పిన నాలుగూ ఒకే ఆవరణలో దొరుకుతాయి. ప్రమాదం ఉన్న కాన్పుకి వీటిని మించిన చోటు తక్కువ. మరి ఇబ్బందేమిటి? జనం. ఒక్కో మంచానికి ఒక్క తోడే అంటారు, బాత్రూముకి వరస, డాక్టరు చెప్పే మాట రెండు ముక్కల్లో ముగుస్తుంది. కిందిస్థాయి వాళ్ళు బిడ్డను చూపించినందుకు, మంచం మార్చినందుకు డబ్బు అడగడం కొన్నిచోట్ల ఉంది. ఇవ్వనక్కర్లేదు. అడిగితే డ్యూటీ సిస్టరుతోనో, ఆస్పత్రి వ్యవహారాలు చూసే ఆర్.ఎం.ఓ. డాక్టరుతోనో అప్పుడే చెప్పండి. ఈ చిరాకులన్నీ నిజమే. కానీ రక్తస్రావం ఆగని రాత్రి ఈ చిరాకులు గుర్తురావు.

ప్రైవేటు నర్సింగ్ హోము: నెల్లూరు పొగతోటలోనూ ఒంగోలులోనూ వీధికొకటి కనబడతాయి. నెలనెలా చూసిన డాక్టరే పురుడు పోస్తారన్న ధైర్యం, మనసుకి నచ్చిన గది, దగ్గరే ఉండనిచ్చే కుటుంబం, ఇవి చిన్న సంగతులు కావు. అయితే నర్సింగ్ హోములన్నీ ఒక్కటి కాదు. బిడ్డ ఏడవకపోతే ఆక్సిజన్ పెట్టే మనిషి ఎవరు, పిల్లల డాక్టరు లోపలే ఉంటారా ఫోన్ చేస్తే వస్తారా, బిడ్డను ఐసీయూకి పంపాలంటే ఎక్కడికి పంపుతారు అని అడగండి. జవాబు తడబడితే ఇంకో గుమ్మం చూడండి.

ప్యాకేజీ ఎంత అని అడగడంతో ఆపకండి, ప్యాకేజీలో లేనివి ఏమిటని అడగండి. ఎక్కువసార్లు బయట పడేవి ఇవి: మందులు, మత్తు డాక్టరు ఫీజు, పిల్లల డాక్టరు ప్రతిసారీ వచ్చి చూసిన ఫీజు, బిడ్డకి పచ్చకామెర్లకు లైటు కింద పెట్టిన రోజుల ఖర్చు, రక్తం, మూడు రోజులు దాటిన గది అద్దె. మామూలు కాన్పు అనుకున్నది సిజేరియన్ అయితే మొత్తం ఎంత అవుతుందో కాగితం మీద రాయించుకోండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. మీ కాన్పుకి, ఆ ఆస్పత్రిలో అది వర్తిస్తుందో లేదో కౌంటర్లో ముందే అడిగి తెలుసుకోవాలి.

ప్రైవేటు మెడికల్ కాలేజీ ఆస్పత్రులు, కార్పొరేట్ ఆస్పత్రులు: బిడ్డకి ఐసీయూ అవసరం పడుతుందని ముందే తెలిసినవాళ్ళకు, కవలలకు, డబ్బు సమకూరేవాళ్ళకు. ఐసీయూకి రోజుకెంత అవుతుందో అడిగాకే నిర్ణయించుకోండి. 32 వారాలకు పుట్టిన బిడ్డ అక్కడ రెండు మూడు రోజులు కాదు, కొన్ని వారాలు ఉండాల్సి రావచ్చు. అదే సేవ ప్రభుత్వ నవజాత శిశు విభాగంలో ఉచితం.

ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం అంటే ఏమేమి ఉచితమో చాలామందికి తెలియదు. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద పురుడు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, మామూలు కాన్పుకి మూడు రోజులు, సిజేరియన్‌కి ఏడు రోజుల వరకు తిండి, రానుపోను వాహనం అన్నీ ఉచితం. బిడ్డకి జబ్బు చేస్తే వైద్యం కూడా. దూది కొనుక్కురమ్మన్నా, పరీక్ష బయట చేయించుకురమ్మన్నా ఎందుకని అడిగే హక్కు మీకుంది. ఇంటికి దింపడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంటుంది, 102.

సిజేరియన్ గురించి సూటిగా ఒక మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఆస్పత్రుల కాన్పుల్లో వందకి సుమారు 63, ప్రభుత్వ ఆస్పత్రుల్లో సుమారు 27 సిజేరియన్లు. కష్టమైన కేసులు ఎక్కువగా చేరేది పెద్దాసుపత్రుల్లోనే అని గుర్తుపెట్టుకుని ఈ లెక్క చూడండి. డాక్టరు ఆపరేషన్ అంటే ఎందుకో అడగండి. బిడ్డ గుండె చప్పుడు, మాయ కిందికుండటం, బీపీ, ద్వారం తెరుచుకోకపోవడం, ఇవి కారణాలు. ముహూర్తం కారణం కాదు. నక్షత్రం చూపించుకుని 37 వారాలకే కోయించుకుంటే బిడ్డ ఊపిరితిత్తులు పూర్తిగా సిద్ధంగా ఉండకపోవచ్చు, ఎగశ్వాసతో ఐసీయూకి పోవలసి రావచ్చు. ముహూర్తం పెట్టించుకోవాలని అంతగా ఉంటే 39 వారాలు నిండాక డాక్టరు ఇచ్చిన రోజుల్లోంచే చూసుకోండి.

పుట్టిల్లా, అత్తగారిల్లా, పట్నంలో చుట్టాలిల్లా

మొదటి కాన్పు పుట్టింట్లో అన్నది మన ఆచారం. ఆచారం మంచిదే, అమ్మ దగ్గర ఉంటే ఏ ఆడపిల్లకైనా ధైర్యం. కానీ పుట్టిల్లు యర్రగొండపాలెం దగ్గర తండా అయి, మెట్టినిల్లు ఒంగోలు టౌన్ అయితే ఒకసారి ఆలోచించాలి. అమ్మనే ఒంగోలు పిలిపించుకోవడం తప్పేమీ కాదు. పుట్టింటికే వెళ్ళేట్టయితే ఏడో నెల నుంచి ఎనిమిదో నెల మధ్యలో వెళ్ళండి, కొత్త డాక్టరు రెండు మూడుసార్లైనా చూసే వ్యవధి ఉండాలి. పాత స్కానింగులన్నీ వెంట తీసుకెళ్ళాలి. తొమ్మిదో నెల నడుస్తుండగా కొత్త ఊరు, కొత్త ఆస్పత్రి పెట్టుకుంటే కార్డు తప్ప మనిషి సంగతి ఎవరికీ తెలియదు.

దూరాన్ని కిలోమీటర్లలో లెక్కపెట్టకండి, గంటల్లో లెక్కపెట్టండి. ఆ గంటల్ని కూడా రాత్రి గంటల్లో. గిద్దలూరు వాళ్ళకు ఒంగోలు చాలా దూరం. నంద్యాల దగ్గర, కానీ మధ్యలో నల్లమల ఘాటు రోడ్డు ఉంది. కాబట్టి మామూలు కాన్పుకి దగ్గరి ఆస్పత్రి, కష్టమైతే ఎటు పోవాలి అన్న రెండు సమాధానాలూ రాసి పెట్టుకోవాలి. కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు వాళ్ళకూ ఇంతే. ప్రమాదమున్న కాన్పయితే 37, 38 వారాలకే పట్నంలో చుట్టాలింటికో, అద్దె గదికో మారిపోవడం అన్నిటికన్నా క్షేమం. పది రోజుల అద్దె ఒక్క రాత్రి అంబులెన్సులో పడే ఆదుర్దాకన్నా చవకే.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తేదీ ఉన్నవాళ్ళు ఇంకా ముందే కదలాలి. మనకు వానలూ తుపాన్లూ ఆ నెలల్లోనే. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర జాతీయ రహదారీ, రైలు పట్టాలూ రెండూ దెబ్బతిన్నాయి. ఏటికి అవతల ఉన్నవాళ్ళకు నెల్లూరు కళ్ళ ముందే ఉన్నా అందలేదు. వాగు దాటి రావలసిన ఊళ్ళ వాళ్ళు తుపాను హెచ్చరిక వినగానే నొప్పులు లేకపోయినా ఆస్పత్రి ఉన్న ఊరికి చేరిపోవాలి.

108 మంచిదా, సొంత కారా?

రక్తం పోతున్నా, ఫిట్స్ వచ్చినా, బిడ్డ తల కనబడుతున్నా 108. అందులో పురుడు పోయడం తెలిసిన మనిషి, ఆక్సిజన్, కాన్పు సామాను ఉంటాయి. అది మామూలుగా దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికే తీసుకుపోతుందని తెలిసి పిలవండి. నొప్పులు ఇంకా దూరం దూరంగా ఉండి, పోవలసింది మీరు ఎంచుకున్న ప్రైవేటు ఆస్పత్రికైతే కారు చాలు. వెనక సీట్లో ఎడమవైపు తిరిగి పడుకోబెట్టండి, పక్కన ఒక ఆడమనిషి కూర్చోవాలి. ఊళ్ళో కారున్నవాళ్ళు ఇద్దరితో ముందే మాట్లాడి పెట్టుకోండి. ఒకాయన తిరుపతి వెళ్ళిన రోజే నొప్పులు రావచ్చు. మోటారు సైకిలు మాత్రం వద్దు.

ఎప్పుడు బయల్దేరాలి

మొదటి కాన్పుకి నొప్పులు మొదలయ్యాక పన్నెండు గంటలు, పద్దెనిమిది గంటలు పట్టడం మామూలు. ఆస్పత్రి పక్కవీధిలోనే ఉంటే అయిదు నిమిషాలకొకసారి, ఒక్కొక్కటి నిమిషం దాకా ఉండే నొప్పులు గంటసేపు వరసగా వస్తే బయల్దేరండి. గంట ప్రయాణం ఉన్నవాళ్ళు పది నిమిషాలకొకటి రాగానే కదలాలి. రెండో కాన్పు చాలా త్వరగా అవుతుంది, వాళ్ళు లెక్కలు చూసుకుంటూ కూర్చోకూడదు. నడిస్తే తగ్గిపోయేవీ, పడుకుంటే పోయేవీ ఉత్తుత్తి నొప్పులు. నడిచినా పెరుగుతూ, నడుం నుంచి ముందుకు వచ్చేవి అసలు నొప్పులు.

నొప్పులతో పని లేకుండా వెంటనే పోవలసినవి: ఉమ్మనీరు పోవడం, ఎర్రటి రక్తం, బిడ్డ కదలిక తగ్గడం, తలనొప్పితో కళ్ళు మసకలు కమ్మడం, ఫిట్స్. ఉమ్మనీరు పోతే గడియారం చూసి టైము రాసుకోండి, గుడ్డ మీద రంగు చూడండి. నీళ్ళలా ఉంటే సరే. ఆకుపచ్చగానో నల్లగానో ఉంటే బిడ్డ లోపలే మలం పోసుకుందని అర్థం, ఈ మాట ఆస్పత్రి గుమ్మంలోనే చెప్పాలి.

సంచీలో ఏముండాలి అన్నది ఎక్కడికి పోతున్నారన్నదాన్ని బట్టి

36 వారాలకు సంచీ సర్ది తలుపు పక్కన పెట్టాలి. తల్లికి ముందు గుండీలున్న నూలు నైటీలు నాలుగు, లోదుస్తులు ఆరు, పెద్ద సైజు ప్యాడ్లు ఇరవై, రెండు తువ్వాళ్ళు, రబ్బరు చెప్పులు, ఫ్లాస్కు, స్టీలు గ్లాసు, చెంచా, ఫోను చార్జరు. ఇవి ఎక్కడికైనా కావాలి. ప్రభుత్వ వార్డుకైతే వీటికి తోడు దుప్పట్లు మూడు, తోడున్నవాళ్ళకి చాప, బకెట్టు, మగ్గు, సబ్బు, దోమతెర, తాగే నీళ్ళ క్యాను, చిల్లర డబ్బులు. ప్రైవేటు గదికైతే దుప్పట్లు, బకెట్టు అక్కర్లేదు. దోమతెర మాత్రం అక్కడా కావాలి. బంగారం ఇంట్లోనే వదిలి రావాలి. ప్యాడ్లు కొనే ముందు సన్నగా ఉండే మామూలు రకం తీసుకోకండి, మొదటి రోజుకి అవి ఆగవు. పాత గుడ్డ వాడటంలో తప్పు లేదు గానీ ఎంత రక్తం పోయిందో ప్యాడు మీదే బాగా తెలుస్తుంది, నర్సుకి చూపించడానికీ వీలు.

బిడ్డకి పొత్తిగుడ్డల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. కొత్త గుడ్డకన్నా పదిసార్లు ఉతికిన నూలు పంచె మేలు, మెత్తగా ఉండి చెమ్మ పీలుస్తుంది. నాలుగు మీటర్ల పంచె ఒకటి చింపితే మీటరు ముక్కలు నాలుగు వస్తాయి. అలాంటివి అయిదు పంచెలైతే ఇరవై ముక్కలు, మూడు రోజులకు ధీమాగా సరిపోతాయి. అంచు జరీ ఉంటే కత్తిరించేయాలి, ఒరుసుకుంటుంది. ఇప్పుడు అసలు జాగ్రత్త. ఆ పంచెలు, అమ్మమ్మ పాత చీరలు బీరువాలోనో ట్రంకు పెట్టెలోనో కలరా ఉండల మధ్య నుంచి వస్తాయి. ఆ వాసన గుడ్డలో ఉన్నంతకాలం ఆ మందు బిడ్డ ఒంటికి, ఊపిరికి చేరుతూనే ఉంటుంది. జీ6పీడీ అనే లోపంతో పుట్టిన బిడ్డలకు అది రక్తకణాలను పగలగొట్టి తీవ్రమైన పచ్చకామెర్లు తెస్తుంది. ఏ బిడ్డకు ఆ లోపం ఉందో పుట్టినప్పుడు చూసి చెప్పలేం. కాబట్టి ఆ ఉండలు పెట్టిన గుడ్డలు బిడ్డకు వాడనే వద్దు. పురుడుకని పక్కన పెట్టేవి మొదటినుంచీ ఉండలు లేనిచోటే పెట్టండి. ఎనిమిదో నెలలోనే వేడినీళ్ళలో ఉతికి, మంచి ఎండలో ఆరవేసి, శుభ్రమైన దిండుగలీబులో మూటకట్టి పెట్టుకోవాలి. వీటితో పాటు ముందు ముడివేసే చొక్కాలు నాలుగు, టోపీలు రెండు, సాక్సులు రెండు జతలు, రబ్బరు షీటు ఒకటి.

కొన్న డైపర్లా, గుడ్డలా? ఆస్పత్రిలో రాత్రిపూటకి డైపరు, పగలు గుడ్డ. ఎన్నిసార్లు ఉచ్చ పోశాడు అన్న లెక్క డాక్టరు అడుగుతారు, గుడ్డయితే ఆ లెక్క తప్పదు.

కాలాన్ని బట్టి కూడా చూడండి. రోహిణీ కార్తెలో పుట్టిన బిడ్డకి స్వెట్టరు, రెండు దుప్పట్లు చుట్టి ఒళ్ళు కాలుతోందని పరుగెత్తుకొస్తారు. తీసేస్తే తగ్గిపోతుంది. మనం వేసుకున్నదానికన్నా ఒక్క పొర ఎక్కువ, అంతే. అదే డిసెంబరు రాత్రి అయితే తల్లి రొమ్ముకి ఆనించి ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పడమే అన్నిటికన్నా వెచ్చన. ఏసీ గదిలో 26, 28 డిగ్రీల మధ్య పెట్టాలి, గాలి నేరుగా బిడ్డ మీదికి రాకూడదు.

కాగితాలు ఒకే ప్లాస్టిక్ కవరులో ఉండాలి: తల్లీబిడ్డల కార్డు, స్కానింగులు, రక్తపరీక్షలు, భార్యాభర్తల ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు. అన్నిటికీ రెండేసి జిరాక్సులు. మొదటి బిడ్డకి ప్రధానమంత్రి మాతృవందన కింద 5000 రూపాయలు, రెండో బిడ్డ ఆడపిల్లయితే 6000 వస్తాయి. ఆధార్లో పేరూ, బ్యాంకులో పేరూ ఒకేలా లేక ఆగిపోతుంటాయి, ముందే సరిచేయించుకోండి. జనన నమోదు 21 రోజుల్లోపు ఉచితం. ఆస్పత్రి ఫారంలో తల్లి పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు ఆధార్లో ఉన్నట్టే రాశారో లేదో మీ కళ్ళతో చదవండి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకు బడిలో చేర్చడం దగ్గర్నుంచి ఆ సర్టిఫికెట్టే ఆధారం.

ఆస్పత్రిలో ఉన్న రోజులు

తోడు ఎవరుండాలి? లేబర్ రూములో ఒకరినే ఉండనిస్తారు. ఎక్కువ మాట్లాడేవాళ్ళను, ఏడ్చేవాళ్ళను కాదు, నడుం రుద్దుతూ నీళ్ళు పట్టే మనిషిని పంపండి. అమ్మ భయస్థురాలైతే అత్తగారో, వదినో, ఇద్దరు పిల్లల్ని కన్న అక్కో నయం. బయట పరుగులకు మగవాళ్ళు ఇద్దరు చాలు.

మామూలు కాన్పుకి 48 గంటలు ఆస్పత్రిలో ఉండి తీరాలి. తల్లికి రక్తస్రావం ప్రమాదం మొదటి 24 గంటల్లోనే ఎక్కువ. బొడ్డు దగ్గర చెయ్యిపెడితే గర్భసంచి గట్టి బంతిలా తగలాలి. మెత్తగా ఉండి, గంటలోపే ప్యాడు తడిసిపోతే సిస్టరును పిలవండి, వచ్చేదాకా ఊరుకోకండి. సిజేరియన్‌కి ప్రైవేటులో సుమారు నాలుగైదు రోజులు, ప్రభుత్వంలో వారం దాకా. ఒక రోజు నిండేలోపే లేపి నడిపిస్తారు, నొప్పిగా ఉన్నా నడవాలి, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి. కుట్లు చీము పడతాయని నీళ్ళు తాగనివ్వకపోవడం మన ఇళ్ళల్లో ఉంది. అది మానేయండి. బాలింతకు నీళ్ళు, పప్పు, కూర, గుడ్డు అన్నీ కావాలి.

బిడ్డ పుట్టగానే చేతికో కాలికో తల్లి పేరున్న పట్టీ వేస్తారు. తల్లి పేరు, ఆడో మగో, టైము సరిగా రాశారా చూసుకోండి. స్నానం 24 గంటల దాకా వద్దు. బొడ్డుకి పసుపు, ఆముదం, బూడిద ఏదీ రాయొద్దు, ఆరిపోయి తనంత తానే ఊడిపోతుంది. విటమిన్ కె, బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి వేశారో లేదో కార్డులో రాయించండి. హెపటైటిస్ బి 24 గంటల్లోపు పడాలి.

పాలు గంటలోపు పట్టించాలి. సిజేరియన్ అయినా తల్లికి తెలివి వచ్చీ రాగానే పక్కన పెట్టి పట్టించవచ్చు. "ఇంకా పాలు పడలేదు" అని డబ్బా పాలు తెప్పించేది రెండో రోజే. మొదటి రెండు మూడు రోజులు వచ్చేది ముర్రుపాలు, చెంచాడే ఉంటాయి, బిడ్డ పొట్టకు ఆ చెంచాడే చాలు. రోజుకి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు నోటికి పెడితేనే మూడో రోజుకి పాలు నిండుగా పడతాయి. డబ్బా పట్టాక బిడ్డ రొమ్ము పట్టదు, పట్టకపోతే పాలు పడవు, తిరిగి డబ్బానే అవుతుంది. తేనె, చక్కెర నీళ్ళు, గాడిద పాలు, వస, ఏదీ నాకించొద్దు. సరిపోతున్నాయా అన్నదానికి కొలత ఉచ్చే: మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండు, అయిదో రోజుకి ఆరుసార్లు. బరువు వందకి పది దాకా తగ్గి, రెండు వారాల్లోపు మళ్ళీ వస్తుంది.

డిశ్చార్జి ముందు

సంతకం పెట్టి బయటికి వచ్చేముందు మూడు అడగండి: మందుల చీటీ అర్థమయ్యేట్టు చెప్పించుకోవడం, మళ్ళీ ఎప్పుడు రావాలో తేదీ, రాత్రి ఏదైనా అయితే ఫోన్ చేయాల్సిన వార్డు నంబరు. మూడు నుంచి అయిదో రోజు మధ్యలో బిడ్డను మళ్ళీ చూపించాలి, పచ్చకామెర్లు అప్పుడే ముదురుతాయి. పుట్టిన 24 గంటల్లోపే పసుపు కనబడినా, అరచేతులకీ అరికాళ్ళకీ పాకినా ఎండలో పెట్టి చూద్దాం అనుకోకండి, ఆస్పత్రిలో లైటు కింద పెట్టాలి. బిడ్డ పాలు తాగడం మానేయడం, ఒళ్ళు చల్లబడటం లేదా కాలడం, ఎగశ్వాస, మూర్ఛ, బొడ్డు చుట్టూ ఎరుపు, వీటిలో ఏది ఉన్నా అదే గంటలో పోవాలి. తల్లికి జ్వరం, వాసన వేసే స్రావం, పిక్కలో ఒకవైపే వాపు, తీవ్రమైన తలనొప్పి ఉన్నా అంతే. పది రోజుల పురిటి స్నానం కాగానే అన్నీ చూద్దాం అని ఆగొద్దు. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు బిడ్డను గుడ్డలు విప్పి వెలుతురులో చూపించండి, గది తలుపు తీసి కిటికీ దగ్గరికి తీసుకురండి. పురిటి గది చీకట్లో పసుపు కనబడదు.